పడమటి చెట్లకు కాగితం

ప్రజ్ఞాపూర్,
8 జనవరి 2025.

రబియా ఆపాకు తమ్ముడు అజీజ్ సలాములు.

ఇక్కడ అందరం బాగున్నాం. షోలాపూర్‌లో నువ్వు, సాయిమా, అల్లుడు, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఇక్కడ చలి బాగా ఉంది. కొమురవెల్లి జాతర రోజులు వస్తున్నాయి కదా, బస్సుల్లో అప్పుడే కాలు పెట్టే జాగా లేదు. రిటైరై అయిదేళ్లయినా కిక్కిరిసిన బస్సు కనబడితే నా చేయి టికెట్ల సంచీ కోసం చంక కింద వెతుక్కుంటుంది. మీ మరదలు చూసి నవ్వుతుంది.

ఇది ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. డిసెంబరులో పొట్టిగుట్ట మీద టేకును పలచన చేయించాం. సర్కారు మన పద్నాలుగు కుటుంబాలకు ఆ గుట్ట ఇచ్చి చెట్లు పెంచుకోమన్న ఇరవై ఆరేళ్లలో ఇంత పెద్ద నరుకుడు ఇదే. వంకరవి, బక్కవి తీసేస్తే మిగిలినవి లావెక్కుతాయట. గుత్తేదారు దుంగలు ఎత్తుకుపోయి కొమ్మలు, రెమ్మలు, ఆకు ఎక్కడివక్కడే వదిలేశాడు. ఒకప్పుడైతే రెండు రోజుల్లో ఊరి ఆడవాళ్లు మోపులు కట్టి ఊడ్చుకుపోయేవారు. నువ్వూ మోశావు. ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు, పుల్ల ముట్టేవాళ్లు లేరు. గుట్ట మీద మోకాలి లోతు ఎండుటాకు ఉంది. నడుస్తుంటే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు.

మన కాపలా దుబ్బయ్యకు రోజూ అదే దిగులు. "గీ ఆకును జూస్తె భయమైతుంది సారూ. అగ్గిపుల్ల గూడ అక్కెర లేదు, ఎండకే అంటుకునేటట్టుంది" అంటాడు. మొన్న సోమవారం ఫారెస్టు బీట్ ఆఫీసరు వచ్చి చూసి, పడమటి అంచు పొడుగునా ముప్పై అడుగుల వెడల్పున చెట్లు తీసేసి, ఆకు ఊడ్చి, ఉత్త మట్టి తేలేలా ఉంచమన్నాడు. ఉత్తరం, దక్షిణం బండ. తూర్పున రోడ్డు. పడమటనే చేన్లు, ఆ చేన్లలో ఏటా పత్తికట్టె కాలుస్తారు. మంట వస్తే అటునుంచే రావాలి. ఆయన దాన్ని ఫైర్ లైన్ అన్నాడు, దుబ్బయ్య అగ్గిబాట అంటున్నాడు. పేరేదైనా ఆ అంచు నీ వాటా. చాంద్‌పాషా బావ నాటినవి నలభై ఒక్క చెట్లు పోతాయి.

మన సంఘం కట్టుబాటు నీకు కొత్త కాదు. పోచయ్య వేపచెట్టు గొడవ గుర్తుందా? పెళ్లి పందిరికని ఎవరో కొట్టుకుపోతే, "నువ్వే కొట్టుకొమ్మన్నవ్" అని ఒకరు, "నేనెప్పుడన్న" అని ఒకరు, రెండేళ్లు పద్నాలుగు ఇళ్లు రెండు ముఠాలయ్యాయి. అప్పుడే కదా బావ ఈ కట్టుబాటు పెట్టించాడు. చెట్టు ఎవరిదో వాళ్లు సొంత చేత్తో రాసివ్వాలి, ఆ కాగితం మీటింగులో అందరి ముందు పైకి చదవాలి, ఆ తర్వాతే గొడ్డలి ఎత్తాలి. కార్యదర్శిగా దాన్ని నేను కాపాడుకుంటూ వస్తున్నాను. నువ్వు రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు.

సాయిమా పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు,
అజీజ్


షోలాపూర్,
22 జనవరి 2025.

అజీజ్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను కదా. "కొట్టిచ్చుకో తమ్మీ, దానికింత అడుగుడేంది" అన్నాను కదా. దానికి నువ్వేమన్నావు? "నోటిమాట చెల్లదు ఆపా, కాయితం పంపు" అన్నావు. అయినా నువ్వు మారవు. నేను గజ్వేల్‌లో బస్సెక్కి సిద్దిపేట ఆస్పత్రికి పోతుంటే, నా మోకాళ్లు వాచి ఉన్నా ముందు టికెట్ కొట్టి చేతిలో పెట్టి, ఆ తర్వాత "ఎట్లున్నవ్ ఆపా" అని అడిగినవాడివి. ఈ ముక్క సాయిమాకు చెబితే కడుపుబ్బ నవ్వింది. నాకు మాత్రం ఈసారి నవ్వు రాలేదు.

ఇంకో సంగతి. ఇప్పుడే మీ అమ్మాయి అర్షీన్ ఫోన్లో మాట్లాడింది. మాటల్లో మాటగా, "ఎవరో మనిషి టేపు పట్టుకొని నీ చెట్ల చుట్టుకొలత దీస్కపోయిండు ఫుప్పూ" అంది. చుట్టుకొలత ఎవరు తీస్తారో నాకు తెలియదా? సామిల్లు వాళ్లు తీస్తారు. అగ్గిబాటకైతే చెట్టు లావుతో పనేమిటి? నా పక్కన ఉన్నది నీ వాటాయే. నలభై ఒకటీ నావే ఎందుకు పోవాలి? నీది ఒక్కటి కూడా ఎందుకు పోదు? అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను.

ఆ మొక్కలు పెట్టిన ఏడు గుట్ట మీద నీళ్లు లేవు. కింద బావి నుంచి బిందెలు మోసింది నేను. సాయిమా కడుపులో ఉంది అప్పుడు. ఆయన వద్దని తిడుతుంటే వినకుండా మోశాను. ఆ మూల బండ పక్కన మూడు చెట్లు నావే అనుకుంటాను, మిగతావి ఆయనవి. మనిషి పోయి నాలుగేళ్లయింది. నాకు అక్కడ మిగిలింది అవే. ఇవన్నీ కాగితం మీద రెండు ముక్కల్లో ఎలా రాయమంటావు?

ఆలోచించి పంపుతాను. నీ బీపీ మాత్రలు మానకు.

రబియా


ప్రజ్ఞాపూర్,
4 ఫిబ్రవరి 2025.

ఆపాకు,

నీ ఉత్తరం ముప్పయ్యో తేదీన అందింది. కట్టుబాటు ప్రకారం ఆదివారం మీటింగులో చదివాను. చెట్ల గురించి సభ్యులెవరు ఏం రాసినా చదవాలని మనమే పెట్టుకున్నాం కనుక మొదటి నుంచి చివరిదాకా చదివాను. టికెట్ ముచ్చటకు అందరూ నవ్వారు. "నీది ఒక్కటి కూడా ఎందుకు పోదు" అన్నచోట ఎవరూ నవ్వలేదు. నేను ఆగకుండా చదివాను. పోచయ్య నేల చూపులు చూశాడు. మీటింగయ్యాక అందరూ తొందర పనులున్నట్టు లేచి వెళ్లిపోయారు. చాయ్ పెట్టించాను, తాగినవాళ్లు లేరు.

జవాబు చెప్పడం నా బాధ్యత కాబట్టి చెబుతున్నాను. టేపుతో వచ్చింది బీట్ ఆఫీసరు. టేకు చెట్టు కొట్టాలంటే ఒక్కొక్కదాని చుట్టుకొలత రాసి అనుమతి కాగితంలో చూపించాలి. సామిల్లు వాడు మన గుట్ట దరిదాపుల్లోకి రాలేదు. నా వాటా నీ వాటాకు లోపలి పక్కన ఉంది. బాట నా వాటాలో తీస్తే నీ చెట్లన్నీ మంటకు ఎదురుగా బయట ఉండిపోతాయి. నా చెట్లు కాపాడుకోవాలని నీవి కొట్టమనడం లేదు. నిన్ను నమ్మించాల్సి వస్తుందని ఈ వయసులో అనుకోలేదు.

బండ పక్కన మూడు చెట్ల సంగతి నాకు తెలియదు. ముందే చెప్పి ఉంటే ఆఫీసరుతో మాట్లాడేవాడిని.

నీ కాగితం వచ్చేదాకా పడమటి అంచున కొమ్మ ముట్టొద్దని దుబ్బయ్యకు గట్టిగా చెప్పాను. పాపం అతను ఒక్కడే పళ్లగొర్రు పట్టుకుని ఆకు లాగుతున్నాడు. పొద్దంతా లాగితే గాలి మళ్లీ కప్పేస్తోంది. "రబియక్కకు నా దండాలు రాయున్రి, ఆమె చెట్లు మంచిగున్నయని చెప్పున్రి" అన్నాడు. రాశాను.

ఇట్లు,
అజీజ్, కార్యదర్శి


షోలాపూర్,
19 ఫిబ్రవరి 2025.

కార్యదర్శి గారికి,

ఇలా పిలిస్తేనే నీకు బాగుంటుందేమో. నేను రాసింది నా తమ్ముడికి. నువ్వు చదివింది ఊరికి. నా కడుపులో బిడ్డను, నా బిందెలను, నా మోకాళ్లను పద్నాలుగు ఇళ్ల మగవాళ్ల ముందు ఆగకుండా చదివావు. పైగా ఆగకుండా చదివానని గొప్పగా రాస్తున్నావు! ఆ నోరు ఎలా వచ్చిందిరా నీకు? ఒక్కసారి కూడా గొంతు అడ్డుపడలేదా?

అడగరాని మాట అడిగానని నాకు తెలుసు. రాసి పోస్టులో వేసిన మర్నాడే తెలుసు. నువ్వు ఫోన్ చేసి నాలుగు తిడితే "తప్పైంది తమ్మీ" అనేదాన్ని. నువ్వు తిట్టలేదు. మీటింగు పెట్టావు.

షబ్-ఎ-బరాత్ నాడు ఆయన పేర ఫాతెహా చదివించాం. సాయిమా హల్వా చేసింది, అడుగంటింది. ఆయన ఉంటే అడుగంటిందే ఇష్టమని గిన్నె గోకేవాడు. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద కూడా గుట్ట గురించే అడిగేవాడు. "వానలు పడ్డయా? దుబ్బయ్య ఒస్తుండా?" అని. దుబ్బయ్యను మాత్రం ఒక్క మాట అననివ్వలేదు ఎప్పుడూ. అతని దండాలు అందాయని చెప్పు.

కాగితం సంగతి ఇప్పుడు అడగొద్దు. నా మనసు కుదుటపడ్డాక చూద్దాం. ఇకమీద నీకు ఉత్తరం రాయాలంటే భయంగా ఉంది, ఎవరెవరు వింటారో అని.

రబియాబీ


ప్రజ్ఞాపూర్,
12 మార్చి 2025.

ఆపా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించను. నా మీద ఒట్టు.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. సాయిమాను అడిగితే "అమ్మ నమాజు చదువుతుంది మామూ" అంటుంది. రోజుకు అయిదు నమాజులే కదా, నేను ఎప్పుడు చేసినా ఎలా చదువుతుంటావు?

గొంతు అడ్డుపడింది ఆపా. బిందెల దగ్గర పడింది. అది బయటపడకూడదని గబగబా చదివేశాను. చూసినవాళ్లకు రాయిలా కనబడి ఉంటాను. నీకు రాసేటప్పుడు ఆ సంగతి రాయడానికి నామోషీ అనిపించింది.

ఇప్పుడు గుట్ట సంగతి. ఎండలు ముదిరాయి. రంజాన్ రోజా ఉండి మధ్యాహ్నం మోపెడ్ మీద గుట్టకు పోతుంటే కళ్లు తిరుగుతున్నాయి. మోదుగులు పూసి రాలిపోతున్నాయి. కింది చేనులో కర్ణాకర్ పత్తికట్టె పీకి కుప్పలు వేశాడు. మనకు చెప్పకుండా అంటించొద్దని బతిమాలితే "సరే మామా" అన్నాడు. దుబ్బయ్య తిండి కూడా అంచు దగ్గరే తింటున్నాడు.

మొన్నటి మీటింగులో పోచయ్య లేచి, "ఫోన్ల కొట్టిచ్చుకొమ్మన్నదంటివి గద అజీజ్ భాయ్. రబియక్క మాట మనకు కాయితం కన్న తక్కువనా? రేపే కొట్టేద్దాం" అన్నాడు. అందరూ సరేనన్నారు. వద్దన్నది నేనొక్కడినే. బావ పెట్టిన కట్టుబాటు బావ చెట్ల దగ్గరే తప్పితే, ఇక ఎవరి చెట్టుకు అది నిలుస్తుంది అన్నాను. అందులో బావ మీద గౌరవం ఎంతో, నీ మీద కోపం ఎంతో నాకే తెలియలేదు. ఇంటికొచ్చాక పోచయ్య మాట వినాల్సింది అనిపించింది. మీటింగులో అంత గట్టిగా మాట్లాడి మర్నాడు మాట మార్చడానికి ముఖం చెల్లలేదు.

బండ పక్కన మూడు చెట్లు ఉంచడానికి ఆఫీసరు ఒప్పుకున్నాడు. కింది కొమ్మలు కొట్టి చుట్టూ శుభ్రం చేస్తే చాలన్నాడు. ఇక నీ కాగితమే తరువాయి. నన్ను తిట్టు, తిడుతూ పంపినా సరే. రంజాన్ నెలలో తమ్ముడు అడుగుతున్నాడనుకో.

అజీజ్


ప్రజ్ఞాపూర్,
6 ఏప్రిల్ 2025.

ఆపా,

అర్షీన్ ఫోన్లో సగం చెప్పిందట. మిగతా సగం నేను చెప్పాలి.

మార్చి ఇరవై నాలుగు, సోమవారం. పగలు ఒంటిగంటకు కర్ణాకర్ చేనులో కుప్పలు అంటుకున్నాయి. అతను అంటించాడో, గట్టు మీద ఎవరైనా బీడీ పారేశారో, ఇప్పటికీ తేలలేదు. పడమటి గాలి. మంట గట్టు దాటి నీ చెట్ల కింద ఆకులోకి వచ్చింది. దుబ్బయ్య నాకు ఫోన్ చేశాడు, పోచయ్యకు చేశాడు. మేం చేరడానికి అరగంట పట్టింది. ఫైరింజన్ వచ్చింది కానీ గుట్ట మీదికి ఎక్కలేదు. సాయంత్రానికి పన్నెండెకరాలు పోయింది. నీ వాటా, నా వాటా, పోచయ్యది, ఇంకా ఆరుగురివి. గుత్తేదారు వదిలేసిన కొమ్మల కుప్పలే పైకి మోసుకుపోయాయి మంటను. లావు చెట్లు కొన్ని నిలబడే ఉన్నాయి, లోపల ప్రాణం ఉందో లేదో వానలు పడితే కానీ చెప్పలేమన్నారు. బండ పక్కన మూడూ పోయాయి.

మేం వెళ్లేసరికి దుబ్బయ్య నీ వాటాలోనే ఉన్నాడు. గోనెసంచి తడిపి నేలను కొడుతున్నాడు. సంచి ఎండి, కాలి, చేతుల్లోనే అంటుకుంది. అయినా కొడుతున్నాడు. పోచయ్య వెనక నుంచి పట్టుకుని లాగాల్సి వచ్చింది. మోచేతుల దాకా రెండు చేతులూ కాలాయి. సిద్దిపేట దవాఖానలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. వేళ్లు మాత్రం ఇక ముడుచుకోవట. భార్య సుశీల అన్నం కలిపి నోట్లో పెడుతోంది.

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మంటను కొట్టాలంటే ఎవరైనా చేసే పని పచ్చి కొమ్మ విరుచుకోవడం. పొడుగు కొమ్మ అయితే మనిషి దూరంగా నిలబడి కొట్టొచ్చు. అతని నడుముకు గొడ్డలి ఉంది. చుట్టూ చెట్లే. గోనెసంచి ఎందుకు పట్టుకున్నాడు? మంచం పక్కన కూర్చుని అడిగాను. "కొమ్మ ముట్టొద్దంటిరి గద సారూ. కాయితం రాలె గద" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు ఆపా. మామూలుగా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను బయటికొచ్చి వరండాలో నిలబడి ఏడ్చాను. నలభై ఏళ్లు టికెట్లు కొట్టి, ఏది ముందో ఏది వెనకో తెలియని మనిషిగా మిగిలాను.

నీ కాగితం ఇరవై ఏడున వచ్చింది. మూడు రోజుల తేడా. కవరులో ఇంకేమీ లేదు, ఆ రెండు వాక్యాలే. దాన్ని కూడా చదవాలి కాబట్టి పండుగయ్యాక మీటింగు పెట్టి చదివాను. తేదీ దగ్గర ఆగాను. జనవరి ఇరవై రెండు అని ఉంది. పొరపాటున పాత తేదీ వేశావనుకుని మార్చి ఇరవై రెండు అని చదివేశాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవకపోవడం నా జన్మలో అదే మొదలు. ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే నువ్వు కూడా అలాగే చెప్పు.

ఈద్ అయింది. కొత్త బట్టలు కట్టుకోలేదు ఎవరం.

అజీజ్


షోలాపూర్,
14 ఏప్రిల్ 2025.

అజీజ్,

నీ ఉత్తరం సాయిమా చదివి వినిపిస్తానంటే వద్దన్నాను. నేనే చదువుకున్నాను, ఆగి ఆగి.

తేదీ పొరపాటు కాదు. జనవరి ఇరవై రెండున పొద్దున, నీ మీద కినుక ఉన్నా, ముందు ఆ కాగితమే రాశాను. సంతకం పెట్టి, మడిచి, కవరులో పెట్టబోతుంటే అర్షీన్ ఫోన్ వచ్చింది. టేపు మాట విన్నాను. కాగితం పక్కన పెట్టి, ఆ మాయదారి ఉత్తరం రాసి దాన్నే పోస్టు చేశాను. నువ్వు సంగతి విడమర్చి రాశాక నాకు అనుమానం ఏమీ మిగల్లేదు. ఆ రోజే పంపాల్సింది. మీటింగులో చదివావన్న పంతం. నువ్వు ఇంకొక్కసారి అడిగితే పంపుదామని ఫిబ్రవరి, నువ్వు బతిమాలితే పంపుదామని మార్చి. నువ్వు బతిమాలిన ఉత్తరం పందొమ్మిదిన అందింది. చదివి సంతోషించాను తమ్మీ, అది కూడా చెబుతున్నాను. సంతోషించి, ఇంకో మూడు రోజులు ఆగి పోస్టు చేశాను. పంపేముందు కాగితం మీద తేదీ దిద్ది కొత్తది వేద్దామనుకున్నాను. రోజాలో ఉండి అబద్ధపు తేదీ వేయడానికి చేయి రాలేదు. పాతదే పంపాను. ఆ మూడు రోజులే నీకు తేడా అయిన మూడు రోజులు.

చెట్లకు ఏడవడం లేదు నేను. ఆయన నాటినవి ఆయనతో పోయాయనుకుంటాను. ఆ మనిషి చేతులకు ఏం సమాధానం చెప్పను? ఆయన బతికుంటే నా ముఖం చూసేవాడు కాదు.

నువ్వు నా కోసం తప్పు తేదీ చదివావు. ఆ పుణ్యం నాకు వద్దు. మళ్లీ మీటింగు పెట్టు. దుబ్బయ్యను దవాఖాన నుంచి ఇంటికి పంపాకే పెట్టు, అతన్నీ సుశీలనూ ముందు వరుసలో కూర్చోబెట్టు. ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదువు. నా పంతం అన్నచోట గబగబా చదివేయకు. గొంతు అడ్డుపడితే పడనీ. కింద రాసింది దుబ్బయ్యకు. అతనితో మాట్లాడినట్టే రాశాను.

దుబ్బయ్యా, నేను రబియక్కను. నువ్వు కొమ్మ ముట్టకుంట ఎదురుజూసిన కాయితం దారిల ఆలస్యం గాలె. పోస్టోళ్ల తప్పు లేదు. మీ సారు అడుగుతనే ఉండె. అది రాసి రెండు నెలలు నా పెట్టెల పెట్టుకొని కూసున్న. నీ చేతులు కాలిననాడు గూడ అది ఇంక నీదాక రాలె. పంపనిది నేనే.

రబియాబీ